శేషం రాని లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించే నందిని గనుల కాలనీలో నేను పెరిగాను. బడిలో గణితం హిందీలో. ఇంట్లో ఎక్కాలు తెలుగులో. ఒక సంఖ్యను మూడు నిశ్శేషంగా భాగిస్తుందో లేదో తెలియాలంటే దాని అంకెలను కూడి చూడమని నేర్పింది అమ్మే.

2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుపై వార్త రాస్తూ, అలవాటుకొద్దీ లోక్‌సభ స్థానాల సంఖ్య 543లోని అంకెలను కూడాను: 12. అందులో మూడో వంతు సరిగ్గా 181, శేషం సున్నా. లెక్క ఇంత సులువైనా, అమలును మాత్రం తదుపరి జనగణనకూ, ఆపై నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు.

"శేషం రాని లెక్కకు ఇన్నాళ్లెందుకురా?" అని అమ్మ ఫోనులో అడిగింది. 543కు కారణాంకాలు నాలుగే; జాప్యానికి కారణాలు అంతకన్నా ఎక్కువని తెలిసీ ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.