పొడి పేపరు

లక్కీ వచ్చిన కొత్తల్లో మా మామగారు పొడి పేపరు చదివి ఎరగరు. పటమటలో మాది నాలుగో అంతస్తు. వాచ్‌మన్ పేపరు తెచ్చి గుమ్మంలో పడేసేవాడు. నేను కాఫీ కలిపేలోపు ఈ ల్యాబ్రడార్ పిల్ల దాని మీదికెక్కి, వెనక కాళ్లు కాస్త వంచి, మావైపు నిశ్చింతగా చూస్తూ పని కానిచ్చేసేది. చిక్కుడుకాయల ఈనెలు తీద్దామని అత్తగారు పాత పేపరు పరిస్తే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. కాయలు పీటెక్కేవి, పేపరు దానికి దక్కేది.

మా మరిది దాన్ని ఓ షాపులో కొనుక్కొచ్చాడు. ఊచల గూడు, గూట్లో కింద పేపర్లు. కళ్లు తెరిచాక దాని కాళ్లకి తగిలిన నేల అదే. కుక్కపిల్ల మొదటి రెండు మూడు నెలల్లో దేనిమీద పోయడం అలవాటు చేసుకుంటే తర్వాత కూడా దాన్నే వెతుక్కుంటుంది. మట్టి మీద పెరిగింది మట్టి కోసం చూస్తుంది, పేపరు మీద పెరిగింది పేపరు కోసం చూస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలున్నాయి. దీన్ని ఎన్నో వారంలో అమ్మారో ఆ షాపువాడికే తెలియాలి.

సలహాలకి కొదవ లేదు. "ముక్కు దాంట్లో పెట్టి రుద్దండమ్మా, దెబ్బకి దారికొస్తుంది" అన్నాడు వాచ్‌మన్. ఎదురు ఫ్లాటావిడ పేపరు చుట్టి ఒక్కటి తగిలించమంది. ఆ పేపరే దానికి బాత్రూమని ఆవిడకేం తెలుసు! పశువుల డాక్టరు గారు రెండూ వద్దన్నారు. కొడితే కుక్క పోయడం మానదు, మన కంటపడకుండా సోఫా వెనక పోస్తుంది, అంతే అన్నారు. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకి మించి ఆపుకోలేదట. పోనీ కిందికి తీసుకెళ్దామంటే టీకాల వరస పూర్తి కాలేదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి వీధికుక్కలు తిరిగే చోట దించొద్దని గట్టిగా చెప్పారు.

దారి చూపించింది మా అత్తగారు. ఆవిడకి మడీ ఆచారం ఎక్కువ. కుక్క వచ్చిన రోజు నుంచీ వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట పెట్టుకున్న మనిషి. కానీ పీట ఇవతల కూర్చుని పొద్దస్తమానం దాన్నే కనిపెట్టి చూసేవారు. ఓ రోజు పిలిచి, "అమ్మాయ్, ఇది చంటిపిల్ల లాంటిదే. నిద్ర లేవగానే ఒకసారి, తిండి తినగానే ఒకసారి, గంతులేసి అలిసిపోయాక ఒకసారి. ముందు నేల వాసన చూస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడెత్తుకెళ్లు" అన్నారు. పొట్టలో తిండి పడగానే పేగులు కదులుతాయని, అందుకే తిన్న పావుగంటలో బయటికి తీసుకెళ్లాలని తర్వాత డాక్టరు గారు చెబితే, "నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, నాకు తెలీదూ!" అన్నారు.

బాల్కనీలో పాత ప్లాస్టిక్ టబ్బు పెట్టి, నర్సరీ నుంచి తెచ్చిన మట్టి పోశాం. మట్టి మీద ముందు పేపరు పరిచాం. అత్తగారు తన మడికి భంగం రానంత దూరంలో స్టూలు వేసుకుని, మా ఆయన్ని, మరిదినీ చిన్నప్పుడు కాళ్ల మీద కూర్చోబెట్టుకుని చేసినట్టే, "ఉస్స్... ఉస్స్..." అనేవారు. పోయడం అయిన మరుక్షణం, అక్కడికక్కడే, ఉడికించిన క్యారెట్ ముక్క పెట్టడం నా వంతు. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకే పెట్టారనుకుంటుంది. పేపరుని కొద్దికొద్దిగా చించుకుంటూ వచ్చాం. చివరికి తపాలా బిళ్లంత ముక్క మిగిలింది. అదీ తీసేశాక ఒట్టి మట్టి మీద కూర్చుంది.

ఇల్లు తుడవడం ఇంకో కథ. ఫినాయిల్ పోసి తుడిస్తే మన ముక్కుకి శుభ్రంగానే ఉంటుంది. మూత్రం వాసన మాత్రం పూర్తిగా పోదు. ముసురు పట్టి గాలిలో తేమ చేరగానే పాత చోటునుంచి మళ్లీ వాసన లేస్తుంది, కుక్క తిన్నగా అక్కడికే వెళ్తుంది. పైగా నల్ల ఫినాయిల్ కుక్కలకి విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు. ఎంజైములున్న ద్రవం తెచ్చి, పోసి, కాసేపు నాననిచ్చి తుడిచాక సోఫా కాలుకి మోక్షం దొరికింది.

టీకాలయ్యాక కిందికి దించాం. అపార్ట్‌మెంట్ వెనక కానుగ చెట్టు కింద ఎంతసేపు నిలబెట్టినా చుక్క రాల్చలేదు. పైకి వస్తూ లిఫ్టులో, అసోసియేషన్ సెక్రటరీ గారి చెప్పుల పక్కనే ధారగా పోసింది. ఆయన ఏమీ అనలేదు గానీ మర్నాడు లిఫ్టులో నోటీసు అంటించారు. దాంతో టబ్బులో మట్టి సంచిలో పట్టుకెళ్లి చెట్టు మొదట్లో చల్లాం. తన వాసన తనకి తెలిసింది. అత్తగారు కూడా దిగొచ్చి చెట్టు పక్కన నిలబడి "ఉస్స్" అన్నారు. క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆట ఆపి చూశారు. లక్కీ కూర్చుంది. ఆ తర్వాత చాన్నాళ్లు ఇంట్లో తడపలేదు.

రెండేళ్లు గడిచాక ఓ వానాకాలంలో ఇంట్లో తడపడం మళ్లీ మొదలైంది. పడుకున్న చోటే తడి. గిన్నెడు నీళ్లు తాగి ఇంకో గిన్నె కోసం చూసేది. "నేర్చుకున్నదంతా మర్చిపోయిందే!" అని అత్తగారు బెంగపడ్డారు. మర్చిపోలేదు. ఒళ్లంతా దురదలని అప్పటికి కొన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వేస్తున్నాం. ఆ మందుకి దాహం ఎక్కువవుతుంది, దాంతో మూత్రమూ పెరుగుతుంది. ఇన్‌ఫెక్షనూ, షుగరూ లేవని తేల్చుకోవడానికి డాక్టరు గారు మూత్రం పట్టుకు రమ్మన్నారు. ఏమీ లేదని తేలాక మోతాదు క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు, మడుగులూ తగ్గాయి. ఆ మాత్రలు ఉన్నపళాన ఆపితే ప్రమాదం. మనంతట మనం మానిపించకూడదు.

అలవాటు పడిన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో తడిపితే తిట్టేముందు డాక్టరుకి చూపించండి. పొద్దున్నే మొదటిసారి పోసింది పట్టుకెళ్తే పరీక్షకి మంచిది. ల్యాబ్రడార్ ఆడది నేలకి బాగా దగ్గరగా కూర్చుంటుంది, సీసా పట్టదు. పొడుగు కాడ ఉన్న గరిటె బాగా పనికొస్తుంది. అత్తగారిని అడక్కుండా మాత్రం తీసుకెళ్లకండి.