మలిసంజ యాత్రలు

హంగరీ దేశములో బలటన్ అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని ఉత్తరపు ఒడ్డున బలటన్‌ఫ్యూరెడ్ అనే ఊరు. అక్కడి ఊటనీళ్ళలో స్నానముచేస్తే గుండెజబ్బులు ఉపశమిస్తాయని యూరపులో చిరకాలముగా ప్రతీతి. 1926 నవంబరు తొలిదినాలలో రవీంద్రనాథ ఠాకూరు ఆ ఊరి వైద్యశాలలో రోగిగా ఉన్నాడు. అప్పటికి ఆయనకు అరువదియైదు ఏండ్లు నిండినవి. ఆ మే నెలలో ఓడ ఎక్కినది మొదలు ఇటలీ, స్విట్జర్లండు, ఆస్ట్రియా, ఇంగ్లండు, నార్వే, స్వీడను, డెన్మార్కు, జర్మనీ, చెకొస్లొవేకియా. ఎక్కడికక్కడ సభలు, సన్మానాలు, ప్రశ్నలడిగే పత్రికలవారు. గుండె ఇక తన వల్ల కాదన్నది. వైద్యులు ఆయనను సరస్సు ఒడ్డున కూర్చుండబెట్టినారు. కొంత తేరుకొన్న తరువాత, నవంబరు 8వ తేదీన, ఆయన ఆ ఒడ్డున ఒక లిండెన్ మొక్కను నాటినాడు. (ఇంగ్లీషువారు ఈ చెట్టును ‘లైమ్’ అని కూడ అంటారు. ఆ మాటను నమ్మి నిమ్మచెట్టని తెలుగుచేసే అనువాదకునికి బలటన్ ఒడ్డున నిలువనీడ దొరకదు.) ఆ చెట్టును ఉద్దేశించి కొన్ని పంక్తులు వ్రాసి అక్కడివారికి ఇచ్చినాడు. ఆ విహారమార్గమునకు తరువాత ఆయన పేరే పెట్టినారు.

చెట్టు నాటడము గృహస్థు చేసే పని. రేపో ఎల్లుండో రైలెక్కి పోయే బాటసారి సాధారణముగా చేసే పని కాదు. అయితే రవీంద్రునికి యూరపు మొట్టమొదట దగ్గరయినది నగరముగా కాదు, మ్యూజియముగా కాదు, ఒక ఇల్లుగా. ఆ సంగతి తెలిసినవారికి, నాలుగు దినాల అతిథి చెట్టు నాటినాడంటే ఆశ్చర్యము కలుగదు.

1878 సెప్టెంబరులో, పదునేడేండ్ల వయస్సున, అన్న సత్యేంద్రనాథునితో కలిసి ఆయన బొంబాయిలో ఓడ ఎక్కినాడు. కుర్రవాడు బారిష్టరు కావలెనని పెద్దల సంకల్పము. వదినగారు, పిల్లలు అప్పటికే బ్రైటనులో ఉండిరి. కొన్నాళ్ళు అక్కడి బడి. ఆ తరువాత లండనులో రీజెంటు పార్కు ఎదుట ఒక అద్దె గదిలో ఒంటరిగా దింపినారు. చలికాలము. కిటికీలోనుండి చూస్తే ఆకురాలిన చెట్లు, వాటి కొమ్మలపై మంచు. ఆ గదికి లాటిను చెప్పడానికి ఒక బక్కచిక్కిన పంతులు వచ్చేవాడు. ఒక్కొక్క యుగములో ఒక్కొక్క భావము లోకములోని సకల మానవసమాజాలలోను, వాటికి ఒకదానితో ఒకదానికి సంబంధము లేకపోయినా, ఒకేసారి పొడచూపుతుందని ఆయన సిద్ధాంతము. దానికి ఆధారాలు కూడబెట్టడములో ఒంటిమీద స్పృహ లేదు. ఇంట్లో తిండికి కూడ ఇబ్బందే. చదువు ముగిసి జీతము చేతిలో పెట్టబోతే, నీ కాలము వ్యర్థము చేసినాను, ఈ డబ్బు నాకు వద్దన్నాడట. బలవంతముచేసి ఇవ్వవలసివచ్చినది. లాటిను వంటబట్టలేదు గాని, ఆ పంతులు చెప్పిన మాటలో ఏదో నిజమున్నదనే నమ్మకము శిష్యునికి యాభై ఏండ్లు వచ్చేవరకు పోలేదు. 1912లో పుస్తకముగా వెలువడిన ‘జీవనస్మృతి’లో ఆయనే ఈ మాట వ్రాసుకొన్నాడు.

తరువాత స్కాట్ అనే వైద్యుని ఇంట బస కుదిరినది. నల్లవాడెవరో వస్తున్నాడని విని ఆ ఇంటి చిన్నకూతుళ్ళిద్దరు బంధువుల ఇంటికి పారిపోయినారు. వచ్చినవాడు భయపడదగిన మనిషి కాడని తెలిసిన మీదటనే తిరిగివచ్చినారు. కొద్దివారాలలోనే రవీంద్రుడు ఆ ఇంటి పిల్లవాడైపోయినాడు. మనదేశపు స్త్రీకి గల పతిభక్తి ఐరోపా స్త్రీకి ఉండదని ఇంటివద్ద విన్న మాట ఒకటి ఆయన వెంట వచ్చినది. శ్రీమతి స్కాట్ సాయంకాలము భర్త వచ్చే వేళకు నెగడి దగ్గర కుర్చీ సర్ది, ఉన్నిచెప్పులు సిద్ధముగా పెట్టడము చూసిన తరువాత ఆ మాట ఎగిరిపోయినది. రాత్రులు ఆ పిల్లలు బల్లమీద చేతులు పెట్టి దానిని కదిలించే వినోదమొకటి ఆడేవారు. ఒకనాడు తండ్రిగారి పొడుగు టోపీమీద ఆ ప్రయోగము చేయబోతే ఆ ఇల్లాలు కంగారుగా వచ్చి ఆపినది. భర్త టోపీతో పరాచికము ఒక్క క్షణమైనా ఆమె సహించలేకపోయినది. 1880లో ఇంటినుండి పిలుపు వచ్చి బయలుదేరే వేళ ఆమె అతని చేతులు పట్టుకొని, ఇంత త్వరగా పోయేవాడవు అసలెందుకు వచ్చితివని ఏడ్చినది. బారిష్టరు పరీక్ష లేదు, విశ్వవిద్యాలయపు పట్టా లేదు. వట్టిచేతులతో ఓడ దిగినాడని కలకత్తాలో అనుకొన్నారు.

అక్కడ ఉన్నప్పుడే ఆయన బెంగాలీ ‘భారతి’ పత్రికకు ఉత్తరాలు వ్రాసి పంపేవాడు. 1881లో ‘యూరోప్ ప్రవాసీర్ పత్ర’ అనే పేర అవి పుస్తకమైనవి. మాట్లాడుకొనే బెంగాలీలో వ్రాసిన పుస్తకమది. తెలుగునాట వ్యావహారిక భాషావాదము ఇంకా తలయెత్తని రోజులవి. భాష సంగతి అట్లుండగా, విషయము మాత్రము కుర్రతనముతో నిండినది. ఇంగ్లీషువారి విందులపై వెక్కిరింత, దొరల వేషము వేసే బెంగాలీలపై వెక్కిరింత, స్త్రీ స్వాతంత్ర్యముపై ఆవేశము. ఆ ఆవేశము చూసి పత్రికా సంపాదకుడు, పెద్దన్న ద్విజేంద్రనాథుడు, ఉత్తరాల క్రిందనే తన ఖండన అచ్చువేసినాడు. ఈ పుస్తకములో స్కాటు ఇల్లాలికంటె వెక్కిరింతకే చోటు ఎక్కువ. పదునేడేండ్లవాడు చూసినదానిని వ్రాయలేదు, చూసినట్లు లోకానికి కనబడవలెననుకొన్నదానిని వ్రాసినాడు. నడివయస్సులో ఆయనే ఆ ఉత్తరాలను తలచుకొని, వెనక్కు తీసుకొనే శక్తి తనకు లేకపోయెనే అని సిగ్గుపడినాడు.

1890లో మరల లండను. ఈసారి నెలరోజులు కూడ సరిగా నిలువలేదు. వెళ్ళీ వెళ్ళగానే వెదకికొని పోయినది ఆ పాత ఇంటికి. తలుపు తీసినది ఎరుగని మనిషి. స్కాటు కుటుంబము ఆ ఇల్లు విడిచి పోయినదని చెప్పినది. పదేండ్ల తరువాత వచ్చినవాడు గడపమీదినుండే తిరిగి పోయినాడు. ఈ రెండవ ప్రయాణపు దినచర్యకు పెట్టిన పేరు ‘యూరోప్ యాత్రీర్ డాయరీ’. మొదటి పుస్తకములో ‘ప్రవాసి’, రెండవదానిలో ‘యాత్రి’. తెలుగులోను హిందీలోను కూడ ఈ రెండు మాటలూ ఉన్నవి గనుక తేడా మనకు విప్పి చెప్పనక్కరలేదు. ప్రవాసికి పరదేశములో ఒక ఇల్లుంటుంది. యాత్రికి దారి మాత్రమే ఉంటుంది.

1912 సంగతి లోకవిదితము. గీతాంజలి ఆంగ్లప్రతి ఉన్న సంచిని కుమారుడు రథీంద్రనాథుడు లండను భూగర్భ రైలులో మరచిపోవడము, పోయిన వస్తువులను అప్పగించే కార్యాలయములో అది దొరకడము, చిత్రకారుడు రోథెన్‌స్టైన్ చదివి మురిసిపోవడము, మరుసటి సంవత్సరము నోబెలు బహుమానము. ఆ పిదప ఆయన యూరపులో ఒక ఇంటికి అతిథిగా పోవడము దుర్లభమైనది. దేశాలకే అతిథి కావలసివచ్చినది. మొదటి మహాయుద్ధములో ఓడి కుమిలిపోతున్న జర్మనీలో, 1921లో డార్మ్‌స్టాట్ నగరాన కైజర్లింగ్ ఏర్పరచిన వారోత్సవములో, ఆయనను చూడడానికి వచ్చినవారు దర్శనానికి వచ్చినట్లు వచ్చినారు. అంతటి ఆదరము మనిషిని అలపించక మానదు. మనస్సును మభ్యపెట్టకనూ మానదు.

మభ్యపెట్టినది 1926లో. అంతకు ముందు సంవత్సరము ఇటలీనుండి ఫోర్మికీ, టూచీ అనే ఇద్దరు పండితులు శాంతినికేతనానికి వచ్చినారు. వెంట ముస్సోలినీ కానుకగా పంపిన పుస్తకాల రాశి. విశ్వభారతికి పుస్తకాలంటే ప్రాణము. కృతజ్ఞతతో ఆయన ఆ ప్రభుత్వపు అతిథిగా రోముకు పోయినాడు, ముస్సోలినీని కలిసినాడు, మర్యాదకు నాలుగు మంచిమాటలన్నాడు. పత్రికలు వాటిని నలభైచేసి ఫాసిస్టు పాలనకు కవి ఆశీర్వచనముగా అచ్చువేసినవి. అక్కడినుండి స్విట్జర్లండులోని విల్‌న్యూవుకు పోయినప్పుడు రొమే రొలా అసలు ఇటలీలో జరుగుతున్నదేమిటో ఒక్కొక్కటిగా చెప్పినాడు. హింసలకు గురియై దేశము విడిచివచ్చిన ఇటాలియనులను ఆయన స్వయముగా చూసి విన్నాడు. ఆగస్టులో ఆండ్రూసుకు వ్రాసిన లేఖను ‘మాంచెస్టర్ గార్డియన్’ ప్రచురించినది. అందులో ఆయన ఫాసిజముతో తనకు పొత్తు లేదని తెగతెంపులుగా చెప్పినాడు. నిన్న పూలు చల్లిన పత్రికలే ఆయనను దుయ్యబట్టినవి.

ఈ తప్పును దాచవలసిన పని లేదు. అరువదియైదేండ్ల అనుభవశాలి, జాతీయోన్మాదాన్ని ఖండిస్తూ యుద్ధకాలములోనే లోకమంతట ఉపన్యసించినవాడు, ఇంత సులువుగా ఎట్లు చిక్కినాడు? ఆతిథ్యమువల్లనే కావచ్చును. అన్నము పెట్టిన చేతిని అనుమానించడము ఆయన నేర్చుకోలేదు. యూరపులో మొదటిసారి అన్నము పెట్టినది శ్రీమతి స్కాట్ అయినందున, ఆ ఖండములో వడ్డించే ప్రతివారి వెనుకను ఒక ఇల్లున్నదని ఆయనకు తోచినట్లున్నది. రోములో వడ్డించినది ఇల్లు కాదు, రాజ్యము. ఆ సంవత్సరపు అలసటలో ప్రయాణముది కొంత, ఈ క్షోభది కొంత. అవి రెండూ కలిసి ఆయనను బలటన్ ఒడ్డుకు చేర్చినవి.

అక్కడ ఉన్నప్పుడు ఒక చిన్న పని పూర్తిచేసినాడు. చైనా జపానులలో విసనకఱ్ఱలమీద, పట్టుగుడ్డలమీద వ్రాసి ఇమ్మని అడిగినవారికి వ్రాసిన రెండేసి పంక్తుల కవితలను, బెంగాలీలోను ఇంగ్లీషులోను, తన చేతివ్రాతతోనే అచ్చువేయించడానికి సిద్ధపరచినాడు. ‘లేఖన్’ అనే ఆ పుస్తకపు తొలిపలుకు క్రింద బలటన్‌ఫ్యూరెడ్ అని ఉన్నది. తరువాత తెలిసినదేమంటే, అందులోని కొన్ని కవితలు ఆయనవి కావు, ప్రియంవదాదేవివి. ఎన్నడో ఇష్టపడి మనస్సులో ఉంచుకొన్నవి, తనవే అనుకొని వ్రాసుకొన్నాడు. పొరపాటును అచ్చులోనే ఒప్పుకొన్నాడు. వార్ధక్యపు జ్ఞాపకము ఇట్టిది. ఇష్టమైనదానిని తనదిగా చేసుకొంటుంది.

1930లో వచ్చినప్పుడు ఆయన కవిగా రాలేదు. పెట్టెలలో నాలుగువందల బొమ్మలు పెట్టుకొని చిత్రకారుడుగా వచ్చినాడు. కొట్టివేతల గీతలను కలిపి వ్రాతప్రతులలో వింత ఆకృతులు తీర్చే అలవాటు అరువది దాటిన తరువాత పుట్టినది. ఆ మే నెలలో పారిసులోని పిగాల్ చిత్రశాలలో, విక్టోరియా ఒకాంపో పూనికవల్ల, తొలి ప్రదర్శన జరిగినది. స్వదేశములో ఇంకా ఎవరూ ఎరుగరు. కవిత్వానికి అనువాదకుడు కావలెను, అనువాదకుడు చేసే అపచారము కూడ భరించవలెను. బొమ్మకు ఆ బాధ లేదు. అరువదితొమ్మిదేండ్ల వయస్సున ఆయన యూరపుతో మధ్యవర్తి లేకుండ మాట్లాడగలిగినాడు. అదే వేసవిలో ఆక్స్‌ఫర్డులో హిబ్బర్టు ఉపన్యాసాలు, బెర్లిను దాపున కాపుట్ పల్లెలో ఐన్‌స్టైన్ ఇంట సత్యమును గురించిన సంవాదము, బవేరియాలోని ఓబరామర్‌గావులో పల్లెజనము పదేండ్లకొకసారి ఆడే క్రీస్తు నాటకము. ఆ నాటకము చూసిన తరువాత ఆయన ‘ది చైల్డ్’ అనే దీర్ఘకవితను నేరుగా ఇంగ్లీషులో వ్రాసి, ఆ పిదపనే ‘శిశుతీర్థ’ అని బెంగాలీ చేసినాడు. జన్మలో తలక్రిందుగా చేసిన అనువాదము.

యూరపుకు అదే కడపటి ప్రయాణము. 1936లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, ఆయన తొలి రెండు యాత్రాగ్రంథాలను ముందు పెట్టుకొని, పదునేడేండ్ల కుఱ్ఱవాని వాక్యాలను కొట్టివేస్తూ, ‘పాశ్చాత్య భ్రమణ్’ అనే పేర మరల అచ్చుకు ఇచ్చినాడు. రెండేండ్లకు చెకొస్లొవేకియాను పెద్ద రాజ్యాలు హిట్లరుకు వదలివేసినప్పుడు ప్రాగులోని మిత్రుడు లెస్నీకి బాధతో ఉత్తరము వ్రాసినాడు. 1940 ఆగస్టు 7వ తేదీన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము శాంతినికేతనానికే వచ్చి ఆయనకు డాక్టరు పట్టమిచ్చినది. ఇచ్చినవారిలో, ఆయన దర్శనముపై 1918లోనే గ్రంథము వ్రాసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడుగా ఉండిన రాధాకృష్ణ పండితుడు ఒకడు. అరువదేండ్ల క్రిందట లండనునుండి తేలేని పట్టా ఇంటి వాకిటికి వచ్చినది.

1941 ఏప్రిల్‌లో, ఎనుబదవ ఏట, ‘సభ్యతార్ సంకట్’ అనే ఉపన్యాసములో ఆయన యూరపు నాగరికతపై తనకుండిన విశ్వాసము కూలిపోయినదని చెప్పినాడు. ఆ మాట చెప్పేముందు, కుఱ్ఱవాడుగా ఇంగ్లండులో జాన్ బ్రైట్ ఉపన్యాసాలు విన్న సంగతి తలచుకొన్నాడు. ఆ మహావక్త హృదయవైశాల్యము ఇంకా తన చెవులలో ఉన్నట్లే చెప్పినాడు.

దానికి ముందటి సంవత్సరము వెలువడిన ‘ఛేలేబేలా’ పిల్లలకోసము వ్రాసిన బాల్యకథ. జొరాసాంకో ఇంటి వసారాలు, పల్లకి, నూనెదీపాలు, నౌకర్లు చెప్పిన కథలు. ఇట్టి పుస్తకము ఆ ఇంటిలోనే ముగియవలెను. అది మాత్రము లండనులో ముగుస్తుంది. విశ్వవిద్యాలయములో చదివినది మూడు నెలలేనని, హెన్రీ మార్లీ సాహిత్యపాఠాలు తప్ప తక్కిన విదేశవిద్య అంతా తనకు మనుష్యుల స్పర్శవల్లనే అబ్బినదని ఆ ముసలికవి పిల్లలకు చెప్పుతాడు. స్కాటు ఇల్లాలు అక్కడ మరల కనబడుతుంది.