నదికి ఆన్‌కాల్ ఎవరు?

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి మానిటరింగ్ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. సర్వర్ మీద లోడు పెరిగితే అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. డిస్కు నిండబోతోందంటే మెయిలొస్తుంది. ఇదంతా అలవాటైపోయింది కాబట్టే, నదుల మాటొచ్చినా మనవాళ్ళు ఠక్కున పరిష్కారం చెప్పేస్తారు. ఈ మధ్య మా టీములో ఒకతను లంచ్ దగ్గర అదే అన్నాడు: "ఏముంది బాసూ, ప్రతి వాగులో ఒక సెన్సర్ పడేసి, సిమ్ కార్డు పెట్టి, డేటా క్లౌడుకి తోలేస్తే సరి. ఆర్నెల్ల పని."

సెన్సర్ పడెయ్యడం ఆర్నెల్ల పనే, కాదన్ను. ఆ తర్వాత పని సంగతే నా గోలంతా.

ముందు ఒక చిన్న విషయం. వరదలప్పుడు టీవీలో "ఇన్ని లక్షల క్యూసెక్కులు" అని స్క్రోలింగ్ వస్తుంది చూడండి, మామూలుగా ఆ క్యూసెక్కుల్ని నేరుగా చూపించే మీటరేదీ నదిలో ఉండదు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు, అంటే సుమారు 28.3 లీటర్లు. బ్యారేజీ ఉన్నచోట గేట్లు ఎంత ఎత్తారు, నీటిమట్టం ఎంతుంది అన్నదాన్నిబట్టి లెక్కగడతారు. బ్యారేజీ లేనిచోట రోజూ కొలిచేది మట్టం ఒక్కటే. మట్టం ఇంతుంటే ప్రవాహం ఇంత అని చెప్పే పట్టిక ఒకటి ముందే తయారుచేసి పెట్టుకోవాలి. దాన్నే రేటింగ్ కర్వ్ అంటారు.

ఆ పట్టిక ఆఫీసులో కూర్చుంటే తయారవదు. ఎవరో ఒకరు పడవలోనో, వంతెన మీదనుంచో నదిని అడ్డంగా ముక్కలుగా చేసుకుని, ఒక్కో ముక్కలో లోతు చూసి, కరెంట్ మీటర్ దించి వేగం కొలవాలి. కరెంట్ మీటరంటే మనింట్లో గోడకుండేది కాదు :) చిన్నచిన్న గిన్నెలున్న చక్రం, నీటి వేగానికి తిరుగుతుంది. పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర కొలిస్తే ఆ చోట సగటు వేగం దాదాపుగా వచ్చేస్తుంది. లోతు ఎక్కువైతే 0.2 దగ్గరొకసారి, 0.8 దగ్గరొకసారి కొలిచి సగటు తీస్తారు. వెడల్పు, లోతు, వేగం గుణించి అన్ని ముక్కలూ కూడితే ప్రవాహం. నీళ్ళు తక్కువున్నప్పుడూ, పోటెత్తినప్పుడూ ఇలా ఎన్నోసార్లు కొలిస్తేగానీ పట్టిక నిలబడదు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు తమ మొదటి స్టేషన్‌ని 1889లో న్యూమెక్సికోలో ఎంబూడో దగ్గర, రియో గ్రాండే నది మీద పెట్టారు. ఈరోజు అక్కడున్న మనవాళ్ళు పక్కనున్న ఏటి ప్రవాహాన్ని ఫోన్లో చూసుకుంటున్నారంటే, ఇప్పటికీ మనుషులు వెళ్ళి కొలిచి ఆ పట్టికల్ని సరిచూస్తూ ఉండబట్టే.

ఒకసారి కొలిచేశాక మళ్ళీ సరిచూడటమెందుకు అంటారా? నది అడుగు కదలకుండా ఉండదు కాబట్టి. ఒక పెద్ద వరదొస్తే ఒకచోట కోత పడుతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. ఇక మన ఇసుక లారీల సంగతి చెప్పనే అక్కర్లేదు. నది అడుగు రెండడుగులు దిగిపోయిందనుకోండి, అంతే నీళ్ళొచ్చినా మట్టం తక్కువ చూపిస్తుంది. పాత పట్టిక ప్రకారం "నీళ్ళు తక్కువే" అని వస్తుంది. సెన్సర్ కరెక్టు, సిమ్ కార్డు కరెక్టు, డాష్‌బోర్డు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. అంకె మాత్రం తప్పు. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ రాని బగ్ అన్నమాట, అన్నిటికన్నా ప్రమాదమైన రకం.

ఆ తప్పు ఎంతుంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. అదే ప్రవాహం రోజంతా సాగితే దాదాపు 99 టీఎంసీలు. అంత పెద్ద ప్రవాహంలో పది శాతం తేడా పడితే రోజుకి దాదాపు 10 టీఎంసీలు! ఒక్కో టీఎంసీ కోసం రాష్ట్రాలు కొట్టుకునే దేశం మనది.

ఆ వారం గురించే ఇంకో మాట చెప్పాలి. మా పిన్నీ బాబాయి వాళ్ళది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. ఆగస్టు 31 శనివారం రాత్రి టీవీలో బ్యారేజీ అంకె చూసి, కృష్ణ మనకి దూరంలే అనుకుని పడుకున్నారు. ఆదివారం ఇంట్లోకి నీళ్ళొచ్చేశాయి. కింది వాటాలో ఫ్రిజ్జు తేలింది. ఇద్దరూ పై వాటా వాళ్ళ దగ్గర, మంచినీళ్ళు కొలుచుకుని తాగుతూ రెండు రోజులు గడిపారు. సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాత పేరే ఉంది. టీవీలో చూసిన అంకె అబద్ధం కాదు, కాకపోతే అది వేరే నీళ్ళ అంకె. బుడమేరులో ఎంత వస్తోందన్నది మా ఇంట్లో ఎవరి చెవినా పడలేదు.

దీన్లో ఇంకో మెలిక ఉంది. బుడమేరు వరదని మళ్ళించడానికి తవ్విన కాలవ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలవ నీళ్ళు దిగడానికి చోటుండదు, వెనక్కి తంతాయి. అలాంటప్పుడు కాలవలో మట్టం ఎక్కువుంటుంది, ప్రవాహం తక్కువుంటుంది. అంటే మట్టం నుంచి ప్రవాహం చెప్పే పట్టిక సరిగ్గా మనకి అవసరమైన రోజునే పనికిరాకుండా పోతుందన్నమాట. అలాంటిచోట వేగం కూడా విడిగా కొలవాలి. లంచ్ దగ్గర గీసిన డిజైన్‌లో ఇది ఉండదు.

ఇక నీటి నాణ్యత. ఇక్కడ నాకు నచ్చిన గురువులు భీమవరం వైపు చేపలు, రొయ్యల చెరువుల రైతులు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో వాళ్ళనడగండి, "తెల్లారగట్ల" అని చెబుతారు. పగలు ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే ఆ నాచే, చేపలతో పాటు, ఉన్న ఆక్సిజన్ని పీల్చేస్తుంది. సూర్యోదయానికి ముందు అడుగంటుతుంది. అందుకే వాళ్ళు రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు, మబ్బు పట్టిన రోజైతే ఇంకా జాగ్రత్త. రాత్రిపూట కరెంటు పోతే పరుగులే.

మరి మన నదుల్లో, చెరువుల్లో చూసేదెలా? చాలాచోట్ల నెలకోసారో, మూణ్ణెల్లకోసారో వెళ్ళి సీసాలో నీళ్ళు పట్టుకొస్తారు. అదీ ఆఫీసు టైములో. స్నానాలకి పనికొచ్చే నీళ్ళంటే లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని, బీవోడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో ప్రమాణం. నాచు పట్టి పచ్చగా ఉన్న చెరువులో పగలు పదకొండింటికి ఆక్సిజన్ కొలిస్తే బ్రహ్మాండంగా పాసైపోతుంది. తెల్లారేసరికి చచ్చిన చేపలు ఒడ్డున తేలతాయి. బీవోడీ సంగతి సరేసరి, 27 డిగ్రీల దగ్గర మూడ్రోజులు ఉంచితేగానీ ఫలితం రాదు. సర్వర్‌ని నెలకోసారి, అదీ పగటిపూట చూసి, "అంతా బాగుంది" అని మూడ్రోజుల తర్వాత మెయిల్ కొడితే మన మేనేజర్ ఊరుకుంటాడా?

అయితే నీళ్ళలో ఇరవైనాలుగ్గంటలూ ఉండే సెన్సర్ పెట్టొచ్చుగా అంటారా? పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కానీ మురికినీళ్ళలో కొద్ది వారాలకే దానిమీద పాచి పడుతుంది, రీడింగు మెల్లగా పక్కకి జరుగుతుంది. ఎవరో ఒకరు వెళ్ళి తుడవాలి, తెలిసిన నీళ్ళలో ముంచి సరిచూడాలి. 2016లో మన దేశంలో నేషనల్ హైడ్రాలజీ ప్రాజెక్టు దాదాపు 3,680 కోట్ల అంచనాతో మొదలైంది, పరికరాలూ డేటా వ్యవస్థలూ అందులో భాగమే. మంచిదే. కాకపోతే ఏ ప్రాజెక్టులోనైనా పరికరం కొనడం తేలిక, అది ఒకసారి అయిపోయే ఖర్చు. పాచి తుడిచే మనిషి జీతం ప్రతి నెలా ఉండే ఖర్చు, దానికి ప్రారంభోత్సవాలుండవు. ఆ రెండో ఖర్చు రాయని టెండరు నా దృష్టిలో మానిటరింగే కాదు.

మనకి చేతకాదని మాత్రం అనను. భద్రాచలం చూడండి. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిందని అక్కడివాళ్ళకి నోటికొచ్చు. క్యూసెక్కులు తెలియని పెద్దావిడ కూడా "యాభై మూడు దాటిందట" అంటే సామాను సర్దేస్తుంది. మన అలర్టు సిస్టమ్స్ చూసి సగం మంది మ్యూట్ చేసుకుంటారు, దానికీ దీనికీ పోలికే లేదు. ఏళ్ళ తరబడి ఒకేచోట, ఒకే గీతల మీద, ఎవరో ఒకరు చూసి చెబుతూ వచ్చారు కాబట్టి ఆ అంకెకి అర్థం వచ్చింది.

అందుకని మా టీము కుర్రాడికి నేను చెప్పింది ఇదే. యాప్ తర్వాత చూద్దాం. ముందు ఊళ్ళని ముంచే చిన్న వాగుల మీద ప్రతి వంతెన స్తంభానికీ అడుగుల గీతలు కనపడాలి. వర్షాకాలంలో గంటగంటకీ చూసే మనిషుండాలి, ఆ మనిషికి జీతముండాలి. ఏ గీత దాటితే ఏ వీధి ఖాళీ చెయ్యాలో ఆ వీధివాళ్ళకి ముందే తెలియాలి. సెన్సర్ ఆ మనిషికి సాయంగా రావాలిగానీ, ఆ మనిషిని మాన్పించడానికి కాదు.

ఇంతకీ మీ ఊరి వాగు పేరేంటి? దాని వంతెన మీద గీతలున్నాయా? రాత్రి రెండింటికి నీళ్ళు పెరిగితే ఎవరి ఫోన్ మోగుతుంది? ఈసారి ఊరెళ్ళినప్పుడు కనుక్కుని నాకూ చెప్పండి.