గోడ వెనక్కి తగ్గాలి!

సినిమా సెట్లకి రంగులు వేసినవాడి ఇల్లంటే మీరేమనుకుంటారు? ఒక గోడ గులాబీ, ఇంకో గోడ చిలకపచ్చ, పైకప్పు నిండా నక్షత్రాలూ... అందుకే హైదరాబాద్‌లో మా ఫ్లాటుకి మొదటిసారి వచ్చినవాళ్ళు కాస్త నిరుత్సాహపడతారు. అన్ని గోడలూ ఒకటే రంగు. షేడ్ కార్డులో దాన్ని బేజ్ అంటారు. మనవాళ్ళకి అది బిస్కెట్ రంగు, లేత గంధం రంగు, ఇసుక రంగు. ఫ్రెంచివాళ్ళు అద్దకం వెయ్యని ఉన్నిని ఆ మాటతో పిలిచేవారట. అంటే రంగు వెయ్యకముందు వుండే రంగన్న మాట!

"ఇంత అనుభవం వుండీ ఈ చప్పిడి రంగేమిటండీ?" అని మొహమాటం లేనివాళ్ళు అడిగేస్తారు. చెబుతాను.

1973లో తెనాలి నుంచి మద్రాసు వెళ్ళి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో బ్రష్షులు కడిగే కుర్రాడిగా చేరాను. పూర్తి రంగుల 'లవకుశ' 1963లోనే వచ్చింది. 1965లో 'తేనె మనసులు' సాంఘికానికీ రంగులద్దింది. అయినా నేను వెళ్ళేనాటికి నలుపు తెలుపు చిత్రాలు ఇంకా తయారవుతూనే వున్నాయి. రంగు ఫిలిం ఖరీదు మరి! గోడ పాఠం నేను నేర్చుకున్నది ఆ నలుపు తెలుపు ఫ్లోర్లలోనే.

అక్కడ గోడకి తెల్లరంగు కొడితే కెమెరామన్ వూరుకోడు. లైట్లు పడగానే భగ్గుమని మెరిసి, ముందున్న ముఖాన్ని మింగేస్తుంది. (పంచెలూ జుబ్బాలూ కూడా అచ్చ తెలుపు పనికిరాదు. లేత పసుపో లేత నీలమో వెయ్యాల్సిందే. తెరమీద అవే మల్లెపూలు!) ఎర్ర గోడా, ఆకుపచ్చ గోడా పక్కపక్కనే నిలబెడితే మన కంటికి ఎంతో తేడా. తెరమీద రెండూ ఒకే బూడిదరంగుగా తేలవచ్చు. అందుకని కెమెరామన్ మెళ్ళో ఒక రంగుటద్దం వేలాడుతుండేది. అందులోంచి చూస్తే రంగుల ఆర్భాటమంతా అణిగిపోయి వెలుగూ నీడా మిగిలేవి. అందులోంచి ఓసారి చూసి, "గోడ ముందుకొస్తోందయ్యా, వెనక్కి పంపు" అనేవాడు. సెట్టుని జరపమని కాదు, రంగుని తగ్గించమని. గోడ వెనక్కి తగ్గితేనే మనిషి ముందుకొస్తాడు.

అన్నట్టు, 1957 నాటి 'మాయాబజార్'కి రంగులు వేసి 2010లో విడుదల చేసినప్పుడు, "అసలు సెట్లో గోడ రంగు ఇదేనా?" అని కుర్రాళ్ళు నన్ను పట్టుకున్నారు. ఆ సెట్లు వేసేనాటికి నేను ఉయ్యాల్లో వున్నాను నాయనా! అయినా యాభై ఏళ్ళు రంగుల్లేకుండానే చూశాం. ముఖాలు కనబడలేదా?

ఇంట్లోనూ అంతే. సాదా రంగు అంటే రంగు లేకపోవటం కాదు. ఏ బేజ్ చూసినా దాని అడుగున గులాబీయో, పసుపో, ఆకుపచ్చో దాక్కుని వుంటుంది. కార్డు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి, దొంగ బయటపడతాడు. పొద్దున్న ఎండలో ఇసుకలా వున్నది రాత్రి తెల్లలైటు కింద బూడిదలా పాలిపోవచ్చు. ఎర్రగచ్చు వున్న గదిలో గోడ కింది భాగం సిగ్గుపడినట్టు ఎర్రబడుతుంది. అందుకని రెండడుగుల అట్టముక్కకి రెండు కోట్లు వేసి, ఒకరోజంతా గది గదికీ తిప్పటం నా అలవాటు. పెయింటర్లు నవ్వుకుంటారు. నవ్వనీండి.

పోయినేడు మళ్ళీ రంగులు వేయించేటప్పుడు మా కోడలికీ నాకూ చిన్న తగవు వచ్చింది. గోడల దగ్గర పేచీ లేదు. తలుపులూ, ద్వారబంధాలూ, స్విచ్చిబోర్డులూ, కర్టెన్లూ, బాత్‌రూము పలకలూ అన్నీ అదే రంగు కావాలని ఆవిడ పట్టు. "ఫోన్‌లో బొమ్మలు చూడండి మామయ్యగారూ, ఎంత శాంతంగా వున్నాయో!" అంది. శాంతమే, కాదనను. కానీ నాలుగు రోజుల్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే వుండబోతోంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక కంటికి శుక్లం ఆపరేషనైంది, రెండోది ఇంకా కావాలి. అంతకు ముందే బంధువుల ఇంట్లో తెల్ల గోడ, తెల్ల పలకల మధ్య బాత్‌రూము మెట్టు ఆనక తూలింది. ఎముక విరగలేదు గాని, ఆనాటి నుంచీ రాత్రిపూట నీళ్ళు తాగటం మానేసింది. లేవాల్సొస్తుందని!

అమ్మ వచ్చీ రాగానే నా అట్టముక్క చూసింది. ఆపరేషనైన కన్ను తెరిచి, "వెల్ల" అంది. అది మూసి రెండోది తెరిచి, "మజ్జిగపులుసు" అంది. పిల్లలు పడి పడి నవ్వారు. శుక్లం ముదిరిన కంటి ముందు పసుపు అద్దం పెట్టినట్టే. నాకు మాత్రం కెమెరామన్ మెళ్ళో అద్దం గుర్తొచ్చింది.

వెంటనే నడవ ఫోటో ఫోన్‌తో తీసి, దాన్ని నలుపు తెలుపుగా మార్చి మా కోడలికి చూపించాను. నడవ లేదు! ప్రైమర్ కొట్టి వుంచిన తలుపూ, గోడా, స్విచ్చీ అన్నీ ఒకే బూడిద ముద్ద. "మామ్మగారికి ఇలాగా కనబడేది?" అంది చిన్నగా. ఇంచుమించు అంతే. సెట్లో హీరో భుజం గోడలో కలిసిపోతే వెనకనుంచి ఒక లైటు వేస్తాం. ఇంట్లో ముసలమ్మకి ఎవరు వేస్తారు?

ఇప్పుడు కొన్ని షేడ్ కార్డుల మీద ఆ రంగు ఎంత వెలుతురుని తిప్పికొడుతుందో 0 నుంచి 100 వరకు అంకె వేస్తున్నారు. చూపు తక్కువైనవాళ్ళ కోసం గోడకీ తలుపుకీ మధ్య 30 పాయింట్ల తేడా వుండాలని బ్రిటన్ నిర్మాణ ప్రమాణాలు చెబుతాయి. నాకైతే ఆ ఫోటో చాలు. మీరూ తీసి చూడండి.

గోడలు బిస్కెట్ రంగే వేశాం. ద్వారబంధాలకి ముదురు కాఫీ రంగు. స్విచ్చిబోర్డుల చుట్టూ అదే రంగు పట్టీ. బాత్‌రూము మెట్టు అంచున నల్లని గీత, బొటనవేలంత వెడల్పున. మా కోడలికి పూర్తిగా నచ్చిందని చెప్పలేను. "బొమ్మల్లో ఇలా లేదు" అని ఇప్పటికీ అంటుంది. అమ్మ మాత్రం రాత్రి పక్క దగ్గర మళ్ళీ చెంబు పెట్టుకుంటోంది.

గడప సంగతి మాత్రం ఆవిడ మాకొదల్లేదు. తెనాలి ఇంట్లో సున్నపు గోడల మధ్య పసుపు రాసిన గడప, దానిమీద కుంకుమబొట్లు ఎంత చీకట్లోనైనా కనబడేవిట. పెయింటుతో పసుపుపట్టీ వేయిస్తామంటే ఒప్పుకోలేదు. "వార్నిషు మీద పసుపు నిలవదు మామ్మగారూ" అంది కోడలు. "నిలవకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ రాస్తా, గిన్నె ఇటు తే" అంది అమ్మ.