ఆవిడకి వంద... నాకు పదేనా?

జబ్బు పెద్దదైతే డోసు పెద్దది. మందుల విషయంలో మనందరికీ తెలిసిన లెక్క ఇదే. థైరాయిడ్‌కి ఇచ్చే రేడియోధార్మిక అయోడిన్ దగ్గర ఆ లెక్క పనికిరాదని మా అక్క వల్ల తెలిసింది.

అక్కది గ్రేవ్స్ వ్యాధి. థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తుంది. ఏడాదిన్నర మాత్రలు వాడింది. ఆపిన కొద్ది నెలలకే మళ్లీ గుండెదడ, చేతుల వణుకు. 'ఇక అయోడిన్ ఇద్దాం, పది మిల్లీక్యూరీలు' అన్నారు డాక్టరుగారు. రేడియేషన్ అన్న మాటకే అమ్మ హడలిపోయింది. అక్క సందేహం వేరు. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్న ఎదురింటి పిన్నిగారికి వంద ఇచ్చారు. 'మరి నాకు పదితో ఏం తగ్గుతుంది?' అంది.

డాక్టరుగారు కాగితం మీద లెక్కవేసి చూపించారు. మామూలు అయోడిన్‌కీ, రేడియోధార్మిక అయోడిన్‌కీ థైరాయిడ్ తేడా చూడదు. రెంటినీ లాక్కుంటుంది. లోపలికి చేరిన అయోడిన్-131 ఆ కణాలనే దెబ్బతీస్తుంది. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ ఈ గుణాన్నే నమ్ముకుని తొలిసారి వైద్యం చేశారు.

ఇప్పుడు లెక్క. అక్క గ్రంథి బరువు సుమారు 40 గ్రాములు. గ్రాముకి 150 మైక్రోక్యూరీలు అందాలనుకుంటే 6,000. అయితే ఇచ్చినదంతా గ్రంథిలో నిలవదు. పరీక్షలో 24 గంటలకి 60 శాతం నిలిచింది. 6,000ని 0.6తో భాగిస్తే 10,000 మైక్రోక్యూరీలు... అంటే పది మిల్లీక్యూరీలు! చాలా ఆసుపత్రుల్లో ఇంత లెక్క లేకుండా పది నుంచి పదిహేను ఇచ్చేస్తారు. ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు మరి.

అసలు చిక్కు లెక్కలో లేదు. తక్కువ ఇస్తే గ్రంథి కొంత మిగులుతుంది, జబ్బు తిరగబెట్టొచ్చు. సరిపడా ఇస్తే జబ్బు పోతుంది, కానీ గ్రంథి దాదాపు పనిచేయదు. జీవితాంతం రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. ఏది కావాలి? అక్కకి మూడేళ్ల పాప. మందు తీసుకున్నాక కొన్నాళ్లు దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు. 'రెండోసారి పిల్లకి దూరంగా ఉండటం నా వల్ల కాదు. మాత్రే నయం' అంది.

మరి పిన్నిగారి వంద? ఆవిడ గ్రంథిని ఆపరేషన్‌లో తీసేశారు. మిగిలిన కాసిన్ని కణాలు అయోడిన్‌ని అంతగా లాక్కోవు. అందుకే ఎక్కువ పోయాలి. అక్కడా డోసులు తగ్గుతున్నాయి. ముప్ఫై ఇచ్చినా వందతో సమానంగా పనిచేస్తుందని, ముప్పు తక్కువున్న క్యాన్సర్ల విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్ పరిశోధనలు 2012లో తేల్చాయి. అలాంటి వారిలో కొందరికి ఆపరేషన్ తర్వాత అసలు అయోడినే ఇవ్వకపోయినా మూడేళ్లదాకా తేడా రాలేదని 2022లో మరో ఫ్రెంచి పరిశోధన చెప్పింది.

కాబట్టి అంకె పెద్దదని బెంగపడక్కర్లేదు, చిన్నదని అనుమానించక్కర్లేదు. 'ఇంతే ఎందుకు? ఇచ్చాక గ్రంథి పనిచేయాలా, ఆగిపోవాలా?' అని డాక్టర్ని అడగండి. కడుపుతో ఉన్నవాళ్లకీ, పాలిచ్చే తల్లులకీ ఈ మందు ఇవ్వరు. ఆ సంగతి మాత్రం అడక్కముందే చెప్పండి.