సులేమానీ చాయ్, విటమిన్ ఈ మాత్ర

మా ఆఫీసులో ఈమధ్య హెల్త్ చెకప్ రిపోర్టులొచ్చాయి. 35 దాటనివాళ్ళకి కూడా ఎల్.డి.ఎల్. 160, 170. మర్నాటినుంచి లంచ్ టేబుల్ మీద విటమిన్ ఈ మాత్రల షీట్లు ప్రత్యక్షం! మావాడొకడైతే డాక్టరు రాసిన స్టాటిన్ పక్కన పడేసి మరీ ఇవి మింగుతున్నాడు. "పాతబస్తీ వెళ్ళినప్పుడల్లా రెండు ఇరానీ చాయ్‌లు కూడా కొడుతున్నా బాస్, టీలో యాంటీఆక్సిడెంట్లుంటాయి కదా" అని పైగా ధీమా. ఆ ధీమాలో ఎంత నిజముందో చూద్దామని కాస్త చదివాను.

ఎల్.డి.ఎల్. అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్ళే కొవ్వు బంతి. ఒక్కో బంతిలో సుమారు 2,700 ఫ్యాటీ ఆసిడ్ అణువులుంటాయి. దాదాపు సగం సులువుగా ఆక్సీకరణ చెందే రకమే. వాటికి కాపలాగా ఉండే విటమిన్ ఈ అణువులు మాత్రం ఓ ఆరు నుంచి పన్నెండు, అంతే. ఆక్సీకరణ చెందిన బంతుల్ని రక్తనాళం గోడలోని కణాలు తెగ మింగి, ఉబ్బి, అక్కడే పేరుకుపోతాయి. బ్లాకులకి అదే మొదలన్న వాదనని 1989లో డేనియల్ స్టైన్‌బర్గ్ బృందం గట్టిగా ముందుకు తెచ్చింది.

మరి విటమిన్ ఈ మింగితే సరిపోతుందిగా? అక్కడే ఉంది తిరకాసు. ఫ్రీ రాడికల్‌ని పట్టుకున్న విటమిన్ ఈ తానే ఓ రాడికల్ అయిపోతుంది. రక్తంలోని విటమిన్ సి లాంటిది వచ్చి దాన్ని విడిపిస్తే మళ్ళీ డ్యూటీ ఎక్కుతుంది. మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ కూడా టెస్ట్‌ట్యూబులో ఇదే పని చేస్తాయి. విడిపించేవాళ్ళు లేకపోతే? విటమిన్ ఈయే బంతి లోపల ఆక్సీకరణ మొదలెట్టగలదని 1990ల మొదట్లో సిడ్నీలో రోలండ్ స్టాకర్ బృందం చూపించింది. బగ్ పట్టుకున్నవాడే, రిలీవర్ రాక, కొత్త బగ్ చెకిన్ చేసినట్టన్నమాట.

మనుషుల మీద ఫలితం చూడండి. 2000లో వచ్చిన హోప్ ట్రయల్‌లో 9,500 మందికి పైగా పాల్గొన్నారు. సగం మంది రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఈ నాలుగున్నరేళ్ళు వేసుకున్నారు. గుండెపోట్లు తగ్గలేదు. 2005 నాటి ఫాలోఅప్‌లో హార్ట్ ఫెయిల్యూర్ కేసులు వాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి.

ఇక చాయ్ సంగతి. తాగిన టీలోంచి రక్తంలోకి చేరే పాలీఫినాల్స్ చాలా తక్కువ. చేరినవీ రూపం మారిపోయి, కొన్ని గంటల్లో వెళ్ళిపోతాయి. పైగా 2007లో బెర్లిన్‌లో 16 మంది మహిళల మీద చేసిన ప్రయోగంలో బ్లాక్ టీ తాగితే రక్తనాళాలు బాగా వ్యాకోచించాయి, పాలు కలిపితే ఆ లాభం పోయింది. చిన్న ప్రయోగమే అనుకోండి. కానీ చిక్కగా కాచిన పాలు పోసే ఇరానీ చాయ్‌ని మందు లెక్కలో వేసుకోడానికి ఇది ఒప్పుకోదు. పాలు లేకుండా నిమ్మరసం పిండి ఇచ్చే సులేమానీ కాస్త నయం. దాన్నీ మందనలేం.

మావాడికి చెప్పిందొకటే. స్టాటిన్ ఆ బంతుల సంఖ్యనే తగ్గిస్తుంది, డాక్టర్ని అడక్కుండా మానకు. మాత్రలకి పెట్టే డబ్బులతో మీరాలం మండీలో టమాటాలు, ఆకుకూరలు, సీజన్లో ఉసిరికాయలు కొను. బేగంబజార్‌లో బాదం దొరుకుతుంది, విటమిన్ ఈ అందులో బోలెడు. ఒంట్లో ఇవన్నీ ఒకదానికొకటి చేయందించుకుంటూ పనిచేసేవే, ఒక్కదాన్నే గుప్పెళ్ళతో మింగితే ఒరిగేదేం లేదు.

చాయ్ అంటావా, రుచికోసం తాగు. ఎవడొద్దన్నాడు?