ఎర్రగడ్డనుండి బెజవాడకు గంట ప్రయాణమా?

"విమానమెక్కినచో గంటలో బెజవాడ" యను మాట మన యిండ్లలో తఱచు వినబడుచుండును. పుట్టినింట తల్లికి నలతగా నున్నదని కబురు వచ్చినపుడు ఆడపిల్ల మనస్సు మొదట ఆ గంటమీదికే పరుగెత్తును. ఆ గంట యెక్కడ మొదలై యెక్కడ ముగియునో సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

శంషాబాదు విమానాశ్రయమునుండి గన్నవరమునకు ఆకాశమార్గమున సుమారు 260 కిలోమీటర్లు. టిక్కెట్టుమీది కాలము విమానము తన నెలవు విడిచినది మొదలు, దిగిన పిదప మరల నిలుచువఱకు గల కాలము. అది యించుమించు ఒక గంట. కాని మన ప్రయాణము మన వాకిలి దాటినది మొదలు తల్లిగారి వాకిలి త్రొక్కువఱకును గదా!

2008వ సంవత్సరము వఱకు ఎర్రగడ్డవారికి బేగంపేట విమానాశ్రయము పెరటిలో నున్నట్లే యుండెను. ఆ మార్చిమాసమున ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయెను. ఇప్పుడు అమీర్‌పేట, పంజగుట్ట, మెహిదీపట్నము గడచి, 2009లో తెఱచిన పి.వి. నరసింహారావు పైవంతెనమీదుగా ఆరాంఘరు చేరి, అటుపై శంషాబాదునకు పోవలెను. సుమారు 35 కిలోమీటర్ల దారి. విమానాశ్రయమునకు పోవు బస్సులకు పుష్పక్ అని పేరు. రఘువంశమున సీతారాములెక్కిన పుష్పకము పంజగుట్ట కూడలిలో నిలువవలసిన పని లేకపోయెను. ఈ పుష్పకమునకు ఆ భాగ్యము లేదు.

ఇక లెక్క చూతము. బండ్లరద్దీ వేళ విమానాశ్రయము చేరుటకు గంటన్నర. తనిఖీలకై ముందుగా చేరి వేచియుండుట మఱియొక గంటన్నర. విమానమున గంట. గన్నవరమున సామాను చేతికి వచ్చుట, బెజవాడ నడిబొడ్డునకు ఇరువది కిలోమీటర్లు పోవుట కలిసి గంటకు పైమాటయే. మొత్తము అయిదు గంటలు దాటినది.

2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలు సికింద్రాబాదునుండి బెజవాడకు నాలుగు గంటలకు అటునిటుగా చేర్చును. ఎర్రగడ్డలో మెట్రో యెక్కి, అమీర్‌పేటలో మారి, సికింద్రాబాదు చేరవచ్చును. బస్సున పోవువారు అదే మెట్రోలో మాఱకయే ఎల్బీనగరు వఱకు పోయి బెజవాడ బస్సు నందుకొనవచ్చును.

ఇది మన యూరి వింత గాదు. లండను, పారిసు నగరముల నడుమ దూరము సుమారు 340 కిలోమీటర్లు. విమానమునకు గంటంబావు పట్టును. అయినను 1994నుండి సముద్రము క్రింది సొరంగమున నడచుచున్న రైలు రెండుంబావు గంటలలో నగరమధ్యమునుండి నగరమధ్యమునకు చేర్చుటచే, అనేకులు దానినే కోరుదురు.

విమానము నిష్ప్రయోజనమని మేము చెప్పుట లేదు. ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి గడచిపోవును. విమానమున రెండుంబావు గంటలు. నేలమీద పోవు కాలము దగ్గఱి యూరికైనను దూరపు టూరికైనను ఒక్కటే. కావున దూరము పెరిగినకొలది విమానమువలన లాభము హెచ్చును.

కనుక కబురు వచ్చిన గడియలో "విమానము ఎన్ని గంటలు?" అని యడుగుటకన్న, "ఏది ముందు బయలుదేరును? ఎన్నిచోట్ల దిగి యెక్కవలెను?" అని యడుగుట మేలు. చంటిబిడ్డ చంకనున్నప్పుడును, వృద్ధులు వెంటనున్నప్పుడును ఆ రెండవ ప్రశ్నయే ముఖ్యము.